నాలుగేళ్లకే చిరిగిన బోటు లిఫ్ట్ కవర్: హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఒక కేస్ స్టడీ

2022 మే మొదట్లో వచ్చిన గాలివానకు హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఒక బోటు లిఫ్ట్ కవర్ చిరిగింది. అది వేసి నాలుగేళ్లే అయింది. బిల్లు మీద మాత్రం పదేళ్ల గ్యారంటీ అని రాసి ఉంది. గాలి ఎక్కువగా వచ్చింది కాబట్టి చిరిగిందని కవర్ వేసినవాళ్లు, బట్ట నాసిరకమని వాడుకున్నవాళ్లు అన్నారు. ఇలాంటి కవర్లు చేసే మా వర్క్‌షాప్ నుంచి వెళ్లి చూశాక రెండూ కాదని తేలింది. ఆ కవర్ ఎందుకు పోయింది, ఏం మార్చాం, ఇప్పుడు ఎలా ఉంది అన్నది వివరంగా రాస్తున్నాను. బోటు లేనివాళ్లకు కూడా ఇది పనికొస్తుంది. అపార్ట్‌మెంట్ కార్ పార్కింగ్ మీద, స్కూల్ ఆవరణలో, ఇంటి డాబా మీద వేసుకునేది కూడా ఇదే బట్ట. పోయే తీరు కూడా ఇదే.

బోటు లిఫ్ట్ మన దగ్గర ఎక్కువగా కనిపించదు. ఒడ్డుకు దగ్గరగా నీళ్లలో నాలుగు స్తంభాలు నిలబెడతారు. వాటి మధ్య ఇనుప తాళ్లకు ఒక ఊయల లాంటి చట్రం కడతారు. బోటు దాని మీదికి వచ్చాక వించ్ (తాడును చుట్టి బరువు లేపే యంత్రం) తిప్పితే చట్రంతో పాటు బోటు కూడా నీళ్ల పైకి లేస్తుంది. అడుగున నాచు పట్టదు, అలలకు స్తంభాలను గుద్దుకోదు. అమెరికాలో సరస్సు ఒడ్డున ఇళ్లున్నవాళ్లకు ఇది మామూలు విషయం. ఆ స్తంభాల తలల మీద పైపుల చట్రం బిగించి, దాని మీద కప్పే బట్టనే లిఫ్ట్ కవర్ అంటారు. కింద బోటు లేచినా దిగినా పైన కవర్ మాత్రం కదలదు.

మేం చూసినది పడవలు నడపడం నేర్పే చోట ఉన్న లిఫ్ట్. నేర్చుకునే పిల్లలు నీళ్లలో పడితే వెళ్లి తీసుకొచ్చే మోటారు బోటును దాని మీద ఉంచుతారు. కవర్ 9 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు. నడిమి దూలానికి అటొక వాలు, ఇటొక వాలు. తుప్పు పట్టకుండా జింకు పూత వేసిన జీఐ పైపుల చట్రం మీద 650 జీఎస్ఎం పీవీసీ బట్ట వేశారు. అంటే చదరపు మీటరు బట్ట 650 గ్రాముల బరువు ఉంటుంది. ఈ పనికి అది తక్కువేమీ కాదు.

చిరిగిన చోటు కన్నా దాని పక్కన చూడాలి

అందరూ నాకు చిరుగునే చూపించారు. ఆగ్నేయం మూల నుంచి మొదలై కుట్టు వెంబడి రెండు మీటర్లకు పైగా తెరుచుకుంది. వేలాడుతున్న ముక్క గాలికి బోటు అద్దానికి కొట్టుకుని గీతలు కూడా పడ్డాయి. నేను మాత్రం ఇంకా చిరగని చోట కుట్టును పట్టుకున్నాను. సన్నటి సూదితో ఒక కుట్టు పైకి లేపి గోరుతో లాగితే దారం ఎండిన గడ్డిపోచలా తెగింది. ఆ పక్క కుట్టు కూడా అంతే. చూపుడు వేలితో కుట్టు మీద రుద్దితే దారం నూగుగా రాలి వేలికి అంటుకుంది. అదే కుట్టును కవర్ లోపలి వైపు, ఎండ తగలని చోట పట్టుకుని లాగితే నా వేలు కోసుకుపోయేంత గట్టిగా ఉంది.

బట్ట కన్నా ముందు దారం పోయిందన్నమాట. ఇది ఎప్పుడూ జరిగేదే. పీవీసీ బట్టలో బలాన్నిచ్చేది లోపలి పాలియెస్టర్ నేత. ఎండను అడ్డుకునేది పైనున్న పీవీసీ పూత. నేతకు గొడుగు ఉంది, కుట్టు దారానికి లేదు. దారం కూడా పాలియెస్టరే, కానీ బట్ట పైన బయటే పడి ఉంటుంది కాబట్టి అతినీలలోహిత కిరణాలు నేరుగా దాని మీదే పడతాయి. ఆ కిరణాల తీవ్రతను చెప్పే యూవీ సూచీ హైదరాబాద్‌లో వేసవి మధ్యాహ్నాల్లో 11 దాటుతుంది. మామూలు పాలియెస్టర్ దారం ఈ ఎండకు మూడు నాలుగేళ్లు ఆగితే గొప్ప. పదేళ్ల బట్టను నాలుగేళ్ల దారంతో కుడితే అది నాలుగేళ్ల కవరే అవుతుంది.

తర్వాత రెండు వాలులనూ పోల్చి చూశాం. కవర్ పొడవు తూర్పు పడమరలుగా ఉండటంతో ఒక వాలు దక్షిణానికి, ఒకటి ఉత్తరానికి ఉన్నాయి. మనం 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటి ఉన్నాం. హైదరాబాద్‌లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉండేది ఏడాదికి రెండు సార్లే, మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో ఒకసారి. ఆ మధ్య రోజుల్లో సూర్యుడు కాస్త ఉత్తరానికి ఉంటాడు, మిగతా ఏడాదంతా దక్షిణం వైపే. అందుకే దక్షిణపు వాలు ముందు ముసలిదవుతుంది. చేతిగుడ్డతో ఆ వాలును తుడిస్తే తెల్లటి పొడి వచ్చింది. పై పూత అరిగిపోయిందనడానికి అదే గుర్తు. ఉత్తరపు వాలును తుడిస్తే మురికి వచ్చింది తప్ప పొడి రాలేదు.

మా వర్క్‌షాప్‌లో చేసే చిన్న పరీక్ష ఒకటి చెప్తాను. దానికి మెషీన్లు అక్కర్లేదు. అంచు దగ్గర పనికిరాని ముక్క కోసి, దానికి కత్తెరతో చిన్న గాటు పెట్టి రెండు చేతులతో చించాలి. ప్రాణం ఉన్న బట్ట సులువుగా చిరగదు. లోపలి నూలు పోగులు ఒక దగ్గరికి చేరి, చిరుగును ఆపి, చేతికి ఎదురు తిరుగుతాయి. పోయిన బట్ట కాగితంలా తిన్నగా చిరుగుతుంది. ఇక్కడ ఉత్తరపు ముక్క గట్టిగా ఎదురు తిరిగింది. దక్షిణపు ముక్క మధ్యరకంగా ఉంది, దూలం దగ్గరి ముక్క అయితే కాగితమే.

దూలం దగ్గర ఏం జరిగిందంటే

ఈ కేసులో నాకు ఎక్కువ నేర్పింది దూలం పైపే. పైపు పదును బట్టకు తగలకుండా ఎవరో మంచి ఉద్దేశంతోనే పాత సైకిల్ ట్యూబులు కోసి పైపుకు చుట్టారు. రబ్బరు మెత్తగా ఉంటుంది కదా, బట్టను కాపాడుతుందని అనుకున్నారు. ట్యూబు విప్పి చూస్తే బట్ట మీద పైపు పొడవునా ముదురు గోధుమ రంగు చార పడి ఉంది. ఆ చార మీద చెయ్యి పెడితే జిగురుగా అంటుకుంది. రబ్బరు త్వరగా పాడవకుండా అందులో కలిపే మందులు వేడికి పీవీసీలోకి దిగి మరక పెడతాయి. పీవీసీని మెత్తగా ఉంచే నూనె లాంటి ప్లాస్టిసైజర్ అటు నుంచి రబ్బరులోకి పోతుంది. ఆ నూనె పోయిన పీవీసీ బిరుసెక్కి పగులుతుంది. థర్మకోల్‌తో కూడా ఇదే గొడవ, ప్లాస్టిసైజర్‌ను అది ఇంకా ఆత్రంగా పీల్చుకుంటుంది. తారుదీ అదే తీరు. కాబట్టి పీవీసీ బట్ట కింద మెత్తగా ఏదైనా పెట్టాలంటే అదే రకం పీవీసీ బట్ట పట్టీ పెట్టండి. ట్యూబులు, థర్మకోల్, తారు పూసిన అట్టలు వద్దు.

ఆ పైపుకు నల్ల పెయింట్ కూడా వేసి ఉంది. మే నెల మధ్యాహ్నం ఆ పైపు మీద చెయ్యి పెట్టి ఉంచలేం. బట్ట పైన ఎండ, కింద కాలే పైపు. మధ్యలో ఉన్న బట్టకు రెండు వైపులా వేడే. వేడికి ప్లాస్టిసైజర్ ఇంకా తొందరగా బయటికి పోతుంది. అన్ని కవర్లూ మధ్యలో బాగుండి పైపు గీతల మీదే ముందు పగలడానికి కారణం ఇదే. తెల్ల పెయింట్ వేస్తే చాలావరకు తప్పే నష్టం ఇది. ఖర్చు కూడా పెద్దగా ఉండదు.

ఆగ్నేయం మూలలో ఒక బోల్టు కొన అర అంగుళం బయటికి వచ్చి ఉంది. చిరుగు మొదలైంది సరిగ్గా అక్కడే.

వదులుగా ఉంటే బట్టకు ఆయుష్షు ఉండదు

అక్కడ బోట్లు చూసుకునే అన్న ఒక మాట అన్నాడు. "మొదట్ల డప్పు లెక్క ఉండె సార్. రెండు వానలు పోయినంక నడిమిట్ల జోలె పడ్డది. కట్టెతోని నీళ్లు ఎగదోసేటోళ్లం." కవర్ ఎందుకు పోయిందో చెప్పడానికి ఆ ఒక్క మాట చాలు.

పక్క వాసాలు మూడేసి మీటర్లకు ఒకటి ఉన్నాయి. దూలం, అంచు కన్నా 45 సెంటీమీటర్లే ఎత్తు. కట్టింది నైలాన్ తాడుతో. నైలాన్ తడిస్తే సాగుతుంది. తాడు సాగి బట్ట వదులైతే వాసాల మధ్య గుంట పడుతుంది. గుంటలో నీళ్లు నిలిస్తే ఆ బరువుకు గుంట ఇంకా లోతవుతుంది. ఒకటిన్నర మీటరు వెడల్పు, మధ్యలో 15 సెంటీమీటర్ల లోతున్న గుంటలో దాదాపు 130 లీటర్ల నీళ్లు పడతాయి. అంటే బట్ట మీద 130 కిలోలు, ఇద్దరు మనుషులు ఎక్కి కూర్చున్నట్టే. ఆ బరువంతా ముందుగా కుట్ల మీద పడుతుంది. కింద నుంచి కట్టెతో ఎగదోస్తే నీళ్లు పోతాయి కానీ, కట్టె మొన తగిలిన ప్రతిచోటా లోపలి పూతకు గాయమవుతుంది. కవర్ కింద నిలబడి చూస్తే చిన్న చిన్న తెల్ల చుక్కల్లా అవన్నీ కనిపించాయి.

గాలి సంగతి ఇంకొంచెం వివరంగా చెప్పాలి. గాలి వేగం రెట్టింపైతే దాని ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. ఇంజనీర్లు వాడే లెక్క ప్రకారం గంటకు 60 కిలోమీటర్ల గాలి చదరపు మీటరుకు సుమారు 17 కిలోల ఒత్తిడి ఇస్తుంది. ఈ కవర్ పరిచిన జాగా 36 చదరపు మీటర్లు. అంటే 600 కిలోలు దాటింది. గాలి గంటకు 90 కిలోమీటర్లయితే ఒత్తిడి చదరపు మీటరుకు 38 కిలోలు, మొత్తం మీద దాదాపు 1,400 కిలోలు. కవర్ ఆకారాన్ని బట్టి ఇది పెరగవచ్చు, తగ్గవచ్చు. భవనాలకు గాలి లెక్కలు చెప్పే ఐఎస్ 875 ప్రమాణంలో హైదరాబాద్‌కు ఇచ్చిన ప్రాథమిక గాలి వేగం సెకనుకు 44 మీటర్లు, అంటే గంటకు 158 కిలోమీటర్లు. అలాంటి గాలి అరుదే కావచ్చు, కానీ చట్రం, పునాది ఆ అంకెను మనసులో పెట్టుకునే వెయ్యాలి.

బిగువుగా ఉన్న బట్ట ఈ బరువును అన్ని వైపులకూ పంచుతుంది. వదులు బట్ట అలా పంచలేదు. అది ఎగిరి, ఒక్కసారిగా లాక్కుని, మళ్లీ ఎగురుతుంది. లాగిన ప్రతిసారీ ఒక మూల మీదో ఒక కుట్టు మీదో దెబ్బ పడుతుంది. దారం చచ్చి, మూలలో బోల్టు కొన పొడుచుకొచ్చి, నీళ్ల బరువుకు సాగి ఉన్న కవర్‌కు ఆ మే నెల గాలి ఆఖరి దెబ్బ మాత్రమే. ఆ రోజు గాలి రాకపోయినా ఆ వానాకాలం దాటేది కాదు.

గ్యారంటీ కాగితం

పదేళ్ల గ్యారంటీ కాగితాన్ని కూర్చుని మొత్తం చదివాం. గ్యారంటీ బట్టకు మాత్రమే ఉంది. అది కూడా పూత ఊడిపోతేనే. కుట్లకు లేదు, తాళ్లకు లేదు, గాలివాన నష్టానికి లేదు, విప్పి మళ్లీ వేసే కూలీకి లేదు. పైగా ఏడాది గడిచేకొద్దీ తిరిగొచ్చే డబ్బు తగ్గుతూ పోతుంది. ఇందులో మోసం ఏమీ లేదు, బట్ట తయారీదారులు ఎక్కడైనా దాదాపు ఇలాగే రాస్తారు. ఆ పదేళ్లను కవర్ ఆయుష్షు అనుకోవడమే పొరపాటు. కవర్ కొనేటప్పుడు "బట్టకు ఎన్నేళ్లు" అనే ప్రశ్నతో పాటు "కుట్టుకు ఏ దారం, దానికి ఎన్నేళ్లు" అని కూడా అడగండి. జవాబు ఎంత తొందరగా, ఎంత వివరంగా వస్తుందో చూస్తే వాళ్ల పని నాణ్యత తెలిసిపోతుంది.

అమెరికాలో లిఫ్ట్ కవర్ల గురించి చెప్పే ఏళ్లను కూడా మనం అలాగే తీసుకోకూడదు. అక్కడ ఉత్తరాది సరస్సులు చలికాలంలో గడ్డకడతాయి. చాలామంది శీతాకాలానికి ముందే కవర్ విప్పి, ఆరబెట్టి, మడిచి లోపల పెట్టేస్తారు. అంటే ఏడాదిలో దాదాపు సగం రోజులు ఆ బట్టకు ఎండే తగలదు. మన దగ్గర పన్నెండు నెలలూ ఎండలోనే ఉంటుంది. అక్కడ పన్నెండేళ్లు నిలిచిందంటే ఇక్కడ దాని లెక్క వేరు.

బాగు చేయించాలా, కొత్తది వేయించాలా

నిర్వాహకుల దగ్గర డబ్బు పరిమితంగా ఉంది. జూలైలో సెయిలింగ్ పోటీలు ఉంటాయి కాబట్టి టైమ్ కూడా లేదు. పూర్తిగా కొత్త కవర్ వేస్తే మాకు పని సులువు, రాబడి ఎక్కువ. కానీ ఉత్తరపు వాలు బట్ట ఇంకా బాగుంది. బాగున్న బట్టను పారేయమని చెప్పడం నాకు ఇష్టం లేదు. దక్షిణపు సగం మొత్తం కొత్తది వేసి, దూలం మీదుగా కొత్త పట్టీ వేసి, ఉత్తరపు సగాన్ని కుట్లు విప్పి మళ్లీ కుట్టి వాడదామని చెప్పాం. రంగు తేడా కనిపిస్తుందని ముందే చెప్పాం. వాళ్లు ఒప్పుకున్నారు.

కొత్త దక్షిణపు భాగంలో అతుకులు కుట్టలేదు, వెల్డింగ్ చేశాం. పీవీసీని వేడి చేసి ఒకదాని మీద ఒకటి నొక్కితే రెండు పొరలూ కలిసిపోతాయి. సూది రంధ్రాలు ఉండవు కాబట్టి నీళ్లు కారవు, ఎండకు చావడానికి దారమే ఉండదు. ఇక్కడ పనివాళ్ల గురించి ఒక మాట చెప్పాలి. వెల్డింగ్‌లో పీవీసీ మాడితే వచ్చే పొగలో హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఆవిరి ఉంటుంది. గాలి ఆడని గదిలో కుర్రాళ్లతో ఈ పని చేయించకూడదు. ఫ్యాన్ కాదు, పొగను బయటికి లాగే ఎగ్జాస్ట్ ఉండాలి.

పాత ఉత్తరపు భాగానికి వెల్డింగ్ సరిగ్గా పట్టదు. ప్లాస్టిసైజర్ తగ్గిన పాత పీవీసీ కొత్తదానితో గట్టిగా కలవదు. అందుకే అక్కడ కుట్టక తప్పలేదు, దారం మాత్రం మార్చాం. నాన్‌స్టిక్ పెనాల మీద పూతకు వాడే పీటీఎఫ్‌ఈతో చేసిన దారం దొరుకుతుంది. ఎండ దాన్ని ఏమీ చేయలేదు. ధర పాలియెస్టర్ దారానికి ఎన్నో రెట్లు. మెషీన్ మీద జారుతుంది, ముడి నిలవదు, టెన్షన్ సరిచేసుకోవడానికి మా టైలర్ చాలాసేపు తంటాలు పడ్డాడు. అయినా మొత్తం ఖర్చులో దారం వాటా చిన్నదే. పై కుట్లకు ఇది తప్ప ఇంకోటి వాడొద్దన్నది నా గట్టి అభిప్రాయం.

కోసిన అంచుల సంగతి కూడా ఉంది. బట్టను కోసిన చోట లోపలి పోగులు తెరుచుకుని ఉంటాయి. వాన నీళ్లు ఆ పోగుల గుండా బట్ట లోపలికి పాకుతాయి. కొన్నాళ్లకు లోపల నల్లటి బూజు గీతలు కనిపిస్తాయి. అవి ఎంత రుద్దినా పోవు, ఎందుకంటే ఉన్నది పూత కింద. అన్ని అంచులనూ మడిచి మూసేశాం. తాళ్లు కట్టే రంధ్రాలకు వేసిన ఇత్తడి రింగులు, అంటే ఐలెట్లు, నల్లబడి పొలుసులు రేగాయి. వేసవిలో హుస్సేన్‌సాగర్ నీళ్ల నుంచి వచ్చే ఆ వాసనలో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది, రాగి కలిసిన లోహాలను అది నల్లగా చేస్తుంది. వాటి బదులు స్టెయిన్‌లెస్ స్టీల్ ఐలెట్లు వేశాం.

చట్రంలో దూలాన్ని 70 సెంటీమీటర్ల ఎత్తుకు లేపాం. మధ్యలో వాసాలు చేర్చి మూడు మీటర్ల ఎడాన్ని ఒకటిన్నరకు తగ్గించాం. సైకిల్ ట్యూబులు తీసేసి, పైపులకు తెల్ల పెయింట్ వేసి, పైపు మీద బట్ట ఆనే ప్రతిచోటా పీవీసీ పట్టీ వేశాం. బోల్టు కొనలు కోసి టోపీలు పెట్టాం.

ఆఖరి మార్పు, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, కట్టే తాళ్లు. నైలాన్ తాడు మొత్తం తీసేసి, ప్రతి 45 సెంటీమీటర్లకు ఒక ఎలాస్టిక్ తాడు వేశాం. ఎలాస్టిక్ ఎప్పుడూ బట్టను లాగే ఉంచుతుంది. అందుకే ఎండకు సాగినా చలికి ముడుచుకున్నా బిగువు పోదు. గాలి గట్టిగా కొడితే అది కాస్త సాగి ఆ దెబ్బను తను తీసుకుంటుంది. మరీ పెద్ద గాలి వస్తే తాళ్లు తెగుతాయి, బట్ట మిగులుతుంది. తాళ్లు ఏటా మార్చాల్సిందే, మన ఎండకు వాటి లోపలి రబ్బరు అంతకంటే ఆగదు. ఇది విని నిర్వాహకుల్లో ఒకాయన "ఏటా మార్చే వస్తువు పెట్టడమేంటండీ, గట్టిది పెట్టండి" అన్నారు. గట్టి తాడు పెడితే తెగేది బట్ట. బట్ట తెగకపోతే చట్రం వంగుతుంది. చవకైన తాడు ముందు తెగేలా పెట్టుకుంటే ఖరీదైన బట్ట, చట్రం దక్కుతాయి. ఇది ఒప్పుకోవడానికి వాళ్లకు కొంత సమయం పట్టింది.

వించ్ తాడు మీద ఎర్ర పెయింట్‌తో ఒక గుర్తు కూడా పెట్టాం, అది దాటి బోటును లేపకూడదు. బోటు మీది జెండా కర్ర కవర్‌ను లోపలి నుంచి పొడిచిన ఆనవాలు దొరికింది మరి.

ఏడాది పొడవునా ఏం చేయాలి

తేదీలు రాసిచ్చిన కాగితం ఎవరూ గోడ మీద చూడరు. అందుకే పండుగలకు, కార్తెలకు ముడిపెట్టి చెప్పాం. ఉగాదికి ఎలాస్టిక్ తాళ్లన్నీ కొత్తవి వెయ్యాలి. ఏప్రిల్, మే నెలల్లో వడగళ్లతో వచ్చే గాలివానలే మన ఊళ్లో కవర్లకు అసలు గండం, వాటికి ముందే ఈ పని అయిపోవాలి. మృగశిర కార్తె లోపు ఒకసారి పైకెక్కి మూలలు, ఐలెట్లు, కుట్లు చూడాలి. వానాకాలంలో ప్రతి పెద్ద వాన తర్వాత కింద నిలబడి పైకి చూస్తే చాలు. నీళ్లు నిలిస్తే ఆ గుంట నీడ కింది నుంచే కనిపిస్తుంది. నిమజ్జనం రోజుల్లో ట్యాంక్‌బండ్ చుట్టూ రాకపోకలు కుదరవు, కాబట్టి వినాయక చవితికే ఒకసారి కవర్ చూసుకోవాలి. దసరాకు వానలు తగ్గాక బాగా కడగాలి. దీపావళి మర్నాడు పైన రాకెట్ నిప్పు పడిన చిల్లులేమైనా ఉన్నాయా అని చూసి, ఉంటే ఆ వారంలోనే అతుకు వెయ్యాలి. చిన్న చిల్లుకు గుండ్రటి అతుకే వెయ్యాలి, చదరపు అతుకు మూలల దగ్గర లేచిపోతుంది. సంక్రాంతి తర్వాత చట్రంలో చిక్కుకున్న గాలిపటాల మాంజా తీసెయ్యాలి. గాజు పొడి పూసిన దారం గాలికి బట్ట అంచును కోస్తూనే ఉంటుంది.

కడగడం గురించి ఎక్కువ చెప్పాల్సి వస్తోంది, ఎందుకంటే కవర్లు ఎండకు పాడయ్యేదాని తర్వాత ఎక్కువగా పాడయ్యేది కడగడం వల్లే. హుస్సేన్‌సాగర్ మీద కొంగలు, నీటికాకులు, గద్దలు, పావురాలు అన్నీ ఉంటాయి. రెట్ట ఎండకు గట్టిపడి పై పూతను తినేస్తుంది. అది పోవడానికి అక్కడ బాత్రూం యాసిడ్ పోసి గట్టి బ్రష్‌తో రుద్దేవాళ్లు. మరక పోతుంది, దానితో పాటు మురికి పట్టకుండా కాపాడే పై పూత కూడా పోతుంది. తర్వాతి నెల మురికి రెట్టింపు పడుతుంది, అప్పుడు ఇంకాస్త యాసిడ్ పోస్తారు. థిన్నర్, పెట్రోల్, బ్లీచింగ్ పౌడర్ ముద్ద కూడా అంతే, వద్దు. ముందు మామూలు నీళ్లతో రెట్టను అరగంట నాననివ్వాలి. ఆ తర్వాత గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన నీళ్లతో, మెత్తటి బ్రష్‌తో, పై నుంచి కిందికి కడగాలి. సబ్బు ఎండిపోయే లోపే నీళ్లు పొయ్యాలి. ఉదయం పూట కడిగితే మంచిది, మధ్యాహ్నం కాలే బట్ట మీద సబ్బు చారలు కడుతుంది. ప్రెషర్ వాషర్ వాడాలంటే నాజిల్‌ను బాగా దూరంగా పట్టుకోవాలి, కుట్ల మీదికి, అంచుల మీదికి అసలు కొట్టకూడదు. బోరు నీళ్లయితే ఆఖరున ఒకసారి మున్సిపల్ కుళాయి నీళ్లు పొయ్యండి. లేకపోతే బోరు నీళ్లలోని ఉప్పు తెల్లటి మరకలుగా మిగిలిపోతుంది.

విప్పి మడిచి పెట్టాల్సి వస్తే పూర్తిగా ఆరాకే మడవాలి. పాలియెస్టర్ కుళ్లదు కానీ తడి మడతలో బూజు పడుతుంది. ప్రతిసారీ అదే గీత మీద మడిస్తే అక్కడే పగులుతుంది, చుట్టగా చుట్టి పెట్టడం మేలు.

మూడేళ్ల తర్వాత

2022 జూన్‌లో వేశాం. మూడేళ్లు దాటాక మళ్లీ వెళ్లి మొత్తం చూశాం. కొత్త దక్షిణపు భాగం గుడ్డతో తుడిస్తే పొడి రావడం లేదు. వెల్డింగ్ అతుకులు ఎక్కడా లేవలేదు. పీటీఎఫ్‌ఈ కుట్టును సూదితో లేపి లాగితే కొత్తదానిలాగే ఉంది. నీళ్లు నిలవడం లేదు. ఈ మధ్యలో ఒక వేసవి గాలికి పడమటి అంచున వరుసగా కొన్ని ఎలాస్టిక్ తాళ్లు తెగాయి, బట్టకు గీత కూడా పడలేదు. బోట్లు చూసుకునే అన్న సాయంత్రానికే కొత్తవి వేసేశాడు. ఒక ఏడాది ఉగాదికి తాళ్లు మార్చడం మర్చిపోయారు, ఆ ఏడాది మే నెలకు దక్షిణపు అంచున బట్ట కాస్త వదులైంది. తాళ్లు మార్చగానే మళ్లీ బిగుసుకుంది.

పాత ఉత్తరపు భాగం వయసు ఇప్పుడు ఏడేళ్లు దాటింది. మూల దగ్గర బట్టను మడిచి గోరుతో నొక్కితే మడత మీద సన్నటి తెల్లటి పగుళ్లు కనిపించడం మొదలైంది. లోపలి నేత ఇంకా బయటపడలేదు, చించే పరీక్షలో ఇంకా ఎదురు తిరుగుతోంది. మడత మీద పగుళ్లు వచ్చినా పోగులు కనిపించనంతవరకు ఒకటి రెండేళ్లు వాడుకోవచ్చు. పోగులు కనిపించిన రోజు ఇక అతుకులు వేయడం దండగ, ఎండ నేరుగా నేత మీదే పడుతోందని అర్థం.

ఆ భాగాన్ని వచ్చే వేసవికి ముందు మార్చేద్దామని నిర్వాహకులతో అనుకున్నాం. ఈసారి 900 జీఎస్ఎం బట్ట, పైన ఎండకు, మురికికి ఆగే పీవీడీఎఫ్ అనే ప్లాస్టిక్ పూత ఉన్నది, రంగు లేత బూడిద. ముదురు నీలం కావాలని అడిగారు కానీ, ఆ రంగు ఎండను ఎక్కువ పీల్చి బట్టను వేడెక్కిస్తుందని చెప్పాక మానుకున్నారు. తీసేసే పాత బట్ట లోంచి బాగున్న ముక్కలు ఏరి, పిల్లలు నేర్చుకునే 2.3 మీటర్ల ఆప్టిమిస్ట్ పడవలకు తొడుగులు కుట్టిస్తాం. షెడ్డు నీడలో ఉండే తొడుగులకు ఆ బట్ట ఇంకా చాలాకాలం వస్తుంది.